ఫౌజీ బొమ్మల కథలో హీరో పక్కవాళ్లను తయారుచేయడం ఎలా?

బరంపురంలో మా ఇంటి వరండాలో ఆదివారం పూట బొమ్మల కథలు గీయడం నేర్పుతుంటాను. వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఫౌజీ కథే పట్టుకొస్తారు. గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, చిలికా దగ్గర నావికుల శిక్షణ కేంద్రం ఉంది, ఇచ్ఛాపురం దాటామంటే శ్రీకాకుళం జిల్లాలో ఎన్నో ఊళ్లలో వీధికో ఫౌజీ కనిపిస్తాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నవాళ్లనే గీయాలనిపించడం సహజం.

అందరూ హీరోను మాత్రం బాగా తెస్తారు. కెప్టెన్, చురుకైన కళ్లు, గట్టి దవడ. ఆయన వెనక నలుగురు జవాన్లు నిలబడి ఉంటారు. నలుగురిదీ ఒకే ముఖం. హీరో ఏమన్నా "యస్ సర్" అంటారు, పదో పేజీలో ఒకడు చనిపోతాడు. చనిపోయింది ఎవరో చదివేవాడికి గుర్తుండదు. "ఈ పక్కవాళ్లను ఏం చేయాలండీ?" అని పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి, జయపురం నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అందరికీ విడివిడిగా చెప్పినదాన్నే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

కావలసినవి

రూళ్లు లేని పుస్తకం ఒకటి, హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లు, నల్ల స్కెచ్ పెన్ను, స్టీలు స్కేలు. ఒక్కో పాత్రకు ఒక్కో ఏ4 కాగితం. రిపబ్లిక్ డే పరేడ్ ఫొటోలు, పత్రికల్లో వచ్చిన సైన్యం ఫొటోలు. ఇవి కాక, మీ వీధిలో రిటైరైన ఫౌజీ ఎవరైనా ఉంటే ఆయనతో ఒక సాయంత్రం. ఈ చివరిదానికి సాటి ఏదీ లేదు.

జాగ్రత్త: కంటోన్మెంటు గేటు, గోడ, లోపలి భవనాలు, వాహనాలు మీ ఫోన్‌తో ఫొటో తీయకండి. బొమ్మ కోసమేనని చెప్పినా అది నేరం కిందికి రావచ్చు. రిటైరైన ఆయన్ని కూడా పాత యూనిట్ ఇప్పుడు ఎక్కడుంది, అక్కడ ఏమున్నాయి అని అడగొద్దు. లంగర్‌లో అన్నం ఎలా ఉండేది, ఛుట్టీ దొరకనప్పుడు ఏం చేసేవారు అని అడగండి. మీ కథకు పనికొచ్చేవి అవే.

1. హీరోకు రానివి ముందు రాయండి

పాత్ర ముఖంతో మొదలుపెట్టకండి. కాగితం మీద హీరో పేరు రాసి, కింద ఆయనకు రానివి, చేతకానివి, ఆయన చేయకూడనివి ఓ పది రాయండి. ఉదాహరణకు మన హీరో కెప్టెన్ అరుణ్ అనుకుందాం. వయసు 26. తుఫాను వాసన పసిగట్టలేడు. రేడియో సెట్టు చెడిపోతే బాగుచేయలేడు. ఎంత భయపడినా జవాన్ల ముందు చూపించకూడదు. స్థానికుల భాష రాదు. గాయానికి కట్టు కట్టగలడు కానీ అంతకు మించి తెలియదు.

ఈ జాబితాలో ఒక్కో లోటుకు ఒక్కో మనిషి పుడతాడు. రేడియో బాగుచేసేవాడు సిగ్నల్ జవాను. గాయం చూసేవాడు నర్సింగ్ అసిస్టెంట్. ఫౌజులో ఆ పని చేసేవాణ్ని అలాగే అంటారు. భయాన్ని కనిపెట్టి, ఎవరూ వినకుండా ఒక మాట చెప్పేవాడు పెద్దవయసు సుబేదార్.

చూసుకోవడం ఎలా: ఆ పాత్రను తీసేసి కథ చెప్పుకోండి. కథ ఆగకుండా నడిచిపోతే ఆ పాత్ర ఇంకా పుట్టలేదు. పేరు పెట్టకండి, వెనక గుంపులో ఉంచేయండి.

ఎంతమంది? ఇన్‌ఫాంట్రీ, అంటే కాల్బలంలో, సెక్షన్ అనే చిన్న జట్టులో పదిమంది ఉంటారు. పదిమందికీ పేర్లు పెట్టకండి. నలుగురు చాలు. మిగతా ఆరుగురు బొమ్మలో ఉంటారు, బరువు మోస్తారు, కాపలా కాస్తారు, మాట్లాడరు.

2. ర్యాంకు, దాని గుర్తు సరిచూసుకోండి

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. సిపాయికి చేతి మీద ఏమీ ఉండదు. లాన్స్ నాయక్‌కు ఒక పట్టీ, నాయక్‌కు రెండు, హవల్దార్‌కు మూడు. ఇవన్నీ జబ్బ మీద. నాయబ్ సుబేదార్ నుంచి గుర్తు భుజం మీదికి వెళ్తుంది: ఒక నక్షత్రం, దానితో రంగు పట్టీ. సుబేదార్‌కు రెండు నక్షత్రాలు, పట్టీ. సుబేదార్ మేజర్‌కు సింహాల చిహ్నం, పట్టీ. ఆఫీసర్లకు ఈ రంగు పట్టీ ఉండదు. లెఫ్టినెంట్‌కు రెండు నక్షత్రాలు, కెప్టెన్‌కు మూడు, మేజర్‌కు సింహాల చిహ్నం ఒక్కటే.

నా మొదటి కథలో సుబేదార్ జబ్బ మీద మూడు పట్టీలు గీశాను. నలభై పేజీలు ఇంకు వేశాక మా వీధిలోని రిటైర్డ్ హవల్దారు గారు చూసి, "బాబూ, ఇరవై ఏళ్లు కష్టపడి ఎక్కినవాణ్ని కిందికి దించేశావే" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. ప్రతి పేజీలో జబ్బ మీద తెల్ల రంగు వేసి, భుజాలు మళ్లీ గీశాను. మీరు పెన్సిల్ దశలోనే ఎవరికైనా చూపించండి.

స్త్రీ పాత్ర కావాలంటే ఎక్కడ పెట్టాలో చాలామంది అడుగుతున్నారు. వైద్య శాఖల బయట కూడా 1992 నుంచి మహిళా ఆఫీసర్లు వస్తున్నారు. సిగ్నల్స్, ఇంజనీర్స్, ఎయిర్ డిఫెన్స్ లాంటి చోట్ల పెట్టవచ్చు. జవాను స్థాయిలో అయితే మిలిటరీ పోలీసులో పెట్టండి. ఇన్‌ఫాంట్రీ సెక్షన్‌లో పెడితే తెలిసినవాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు.

3. ఊరు ఇవ్వండి

"ఒక తెలుగు జవాను" అంటే ఎవరూ కాదు. సుబేదార్ పేరు సిమాంచల్ అని పెట్టి చూడండి. గంజాం వైపు వాళ్లకు ఇక వేరే చెప్పనక్కర్లేదు. సింహాచలం అప్పన్న పేరే ఒడియా నోట ఆ రూపం తీసుకుంది. ఇంట్లో తెలుగో, ఒడియానో, రెండూనో మాట్లాడే మనిషి అని ఒక్క పేరుతో తెలిసిపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లినా ఇళ్లలో మాట మారలేదు. ఒకే ఇంటికి చందమామ, దాని ఒడియా రూపం జహ్నమామూ రెండూ వచ్చిన రోజులు మా తరానికి బాగా గుర్తు. మీ పాత్ర అలాంటి ఇంట్లోంచే రావాలి.

ఒక హెచ్చరిక. ఊరు ఇచ్చాక ఆ మనిషి ఆ యూనిట్‌లో ఉండగలడా అన్నది చూసుకోండి. చాలా ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్లు ప్రాంతాన్ని బట్టి మనుషులను తీసుకుంటాయి. మద్రాస్ రెజిమెంట్‌లో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ జవాన్లు పక్కపక్కన ఉంటారు. "వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు" వాళ్ల నినాదం, ఇంకో రెజిమెంట్ వాడి నోట్లో పెట్టకండి. ఒడియావాడు, పంజాబీ, తెలుగువాడు అందరూ కలిసే కథ అయితే బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్ తీసుకోండి, లేదా ఎయిర్ డిఫెన్స్, సిగ్నల్స్, ఇంజనీర్స్ లాంటి శాఖ తీసుకోండి. యూనిట్ నంబరు మాత్రం మీరే కల్పించుకోండి.

4. నల్ల నీడ పరీక్ష

ఫౌజీ కథలో అసలు చిక్కు ఇదే. వేరే కథల్లో ఒకడికి ఎర్ర చొక్కా, ఇంకొకడికి లుంగీ వేసి గుర్తుపట్టించవచ్చు. ఇక్కడ అందరిదీ ఒకే బట్ట, ఒకే క్రాపు, పైన హెల్మెట్. గడ్డం పెట్టి తేడా చూపిద్దామంటే ఆర్మీలో మామూలుగా సిక్కులకు తప్ప గడ్డం ఉండదు. నేవీలో అనుమతితో పెంచుకోవచ్చు, కానీ మన కథ నేల మీద నడుస్తోంది.

కాబట్టి ముఖాన్ని నమ్ముకోకండి. ఒళ్లు, నిలబడే తీరు, మోసే వస్తువు, ఈ మూడింటినీ నమ్ముకోండి.

నలుగురినీ ఒకే గీత మీద, పక్కపక్కన, తల నుంచి కాలి దాకా గీయండి. ఎత్తుల్లో తేడా ఖాయం చేయండి. ఇప్పుడు స్కెచ్ పెన్నుతో లోపలంతా నల్లగా నింపేయండి. కాగితం గోడకు అంటించి పది అడుగులు వెనక్కి నడిచి చూడండి. ఎవరు ఎవరో చెప్పగలిగితే సరే. లేకపోతే మళ్లీ గీయండి.

నా నలుగురిలో సిగ్నల్ జవాను దండపాణి వీపున సెట్టు, దాని పొడుగు యాంటెన్నా. చెట్ల కింద నడిచేటప్పుడు కొమ్మకు తగలకుండా ఎప్పుడూ కొంచెం ఎడమకు వంగి ఉంటాడు. సెట్టు దించి కూర్చున్నా ఆ వంపు పోదు. ఎల్‌ఎమ్‌జీ (తేలికపాటి మెషిన్ గన్) మోసే నాయక్ ఎర్రయ్యవి వెడల్పు భుజాలు, పొట్టి మెడ. నర్సింగ్ అసిస్టెంట్ సన్నగా, పొడుగ్గా ఉంటాడు, సంచీ పొట్ట ముందుకు వేసుకుని దాని మీద చెయ్యి పెట్టుకునే నిలబడతాడు. సిమాంచల్ సుబేదార్ చేతులు వెనక్కి కట్టుకుంటాడు. అంతే, ఆయనకు వేరే వస్తువు అక్కర్లేదు.

1963లో అమెరికాలో మొదలైన సార్జెంట్ ఫ్యూరీ కామిక్‌లో డమ్ డమ్ డూగన్ అనే పాత్రకు యుద్ధంలో కూడా గుండ్రటి బౌలర్ టోపీ పెట్టారు, గేబ్ జోన్స్‌కు బాకా ఇచ్చారు. ఎంత చిన్న గడిలో గీసినా వాళ్లు దొరికిపోతారు. మన కథ నిజానికి దగ్గరగా ఉండాలనుకుంటే అలాంటి టోపీ కుదరదు. టోపీ చేసిన పని మనకు వంపు, సంచీ, చేతులు చేయాలి.

ఇంటి సన్నివేశాల్లో మాత్రం స్వేచ్ఛ తీసుకోండి. ఛుట్టీలో బరంపురం స్టేషన్లో దిగే ఫౌజీని చూసే ఉంటారు. పక్కన నల్ల ఇనప ట్రంకు పెట్టె. మూత మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు. అక్షరాలు కుంచెతో చేత్తో రాసినవి. పాత ర్యాంకు మీద రంగు పూసి కొత్తది రాసిన చోట నలుపు వేరే ఛాయలో మెరుస్తుంటుంది. ఆ పెట్టె ఒక్కటి దగ్గరగా గీస్తే చాలు, ఆ మనిషి సర్వీసంతా ఆ గడిలో ఉంటుంది.

5. ఒక్కో పాత్రకు ఫైలు రాయండి

పుట్టిన సంవత్సరం, చేరిన సంవత్సరం, ఊరు, పని, ఇంట్లో ఎవరున్నారు, దేనికి కోపం వస్తుంది, దేన్ని ఎవరికీ చెప్పడు. ఒక్క పేజీ దాటకూడదు. 1982లో జి.ఐ. జో అనే సైనికుల ఆటబొమ్మల మీద కామిక్ మొదలైనప్పుడు రచయిత లారీ హామా పాత్రలు కలగాపులగం కాకుండా తన కోసమే ఇలాంటి ఫైళ్లు రాసుకున్నాడు. తర్వాత అవే ఆ ఆటబొమ్మల పెట్టెల వెనక కార్డులుగా అచ్చయ్యాయి. అన్ని పాత్రలు ఉన్నా అభిమానులు ఒక్కొక్కరినీ పేరుతో గుర్తుపెట్టుకున్నారు.

సంవత్సరాలు రాయడం ఎందుకంటే కాలం లెక్క తప్పకుండా ఉండటానికి. ఇప్పటి పద్ధతిలో ఆఫీసరు రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్ అవుతాడు. మీ కథలో పదేళ్లు గడిచినా హీరో కెప్టెన్‌గానే ఉంటే లెక్క తప్పినట్టే. 2022 తర్వాతి కథలో కొత్తగా చేరిన కుర్రాడు అగ్నివీరే అవుతాడు. నాలుగేళ్లకు అతని గడువు అయిపోతుంది, ఉంచుకునేది 25 శాతం వరకే. ఇది పెద్ద కథా వస్తువు. తనను ఉంచుతారో లేదో తెలియని కుర్రాడు, పాతికేళ్ల సర్వీసు సుబేదార్ ఒకే టెంటులో ఉన్నారనుకోండి. మీరు కథ వెతకనక్కర్లేదు.

బట్టలు, తుపాకులు కూడా ఇందులోనే రాయండి. 1971 కథ అయితే సాదా ఆలివ్ ఆకుపచ్చ యూనిఫాం, చేతిలో 7.62 ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్. 1999 కార్గిల్ కథ అయితే ఇన్సాస్ రైఫిల్. ఇప్పుడు కనిపించే చిన్న గళ్ల డిజిటల్ డిజైన్ 2022 ఆర్మీ డే పరేడ్‌లో బయటికి వచ్చింది. దాన్ని కార్గిల్ జవానుకు తొడగకండి.

6. పిలుపులు

నన్నడిగితే మొత్తం పనిలో ఇదే అన్నిటికంటే రుచిగల భాగం. కెప్టెన్ సుబేదార్‌ను ఏమని పిలుస్తాడు? పిల్లలు తెచ్చే కథల్లో "ఒరేయ్ సిమాంచల్, ఇటు రా" అని ఉంటుంది. అలా జరగదు. ర్యాంకులో చిన్నవాడైనా సుబేదార్‌ను ఆఫీసర్లు కూడా "సాబ్" అంటారు. 26 ఏళ్ల కెప్టెన్, నలభై దాటిన సుబేదార్. ఒకరు "సర్" అంటారు, ఇంకొకరు "సాబ్" అంటారు. ఇద్దరూ ఒకరికొకరు గౌరవం ఇస్తారు, ఆర్డరు మాత్రం ఒకరే ఇస్తారు. ఈ రెండు పిలుపుల మధ్య ఎన్ని సంచికలైనా రాయవచ్చు.

మా కథలో ఒక గడి ఇలా ఉంది. వాగు పొంగుతోంది. అరుణ్ ఇప్పుడే దాటాలంటాడు.

"సర్, ఒక్క బీడీ కాలేంత సేపు ఆగుదాం."

"ఎందుకు సాబ్?"

"నీళ్ల రంగు చూడండి. పైన ఎక్కడో గట్టు తెగింది."

సుబేదార్ కాదనలేదు, ఎదురు చెప్పలేదు. ఆగుదాం అన్నాడు. ఆయన అనుభవం మొత్తం "నీళ్ల రంగు" అన్న మాటలో వచ్చేసింది.

జవాన్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు తెలుగువాడు తెలుగువాణ్ని "అన్నా" అంటాడు, ఈడువాడైతే "ఒరేయ్" అంటాడు, వేరే ప్రాంతం వాణ్ని "భాయ్" అంటాడు. శిక్షణ ఇచ్చేవాడు "ఉస్తాద్". హిందీ ఇంతవరకు చాలు. ప్రతి మాటలో "జల్దీ, జల్దీ" కుమ్మరిస్తే చదవడం కష్టం.

ఇంకో సంగతి, పాత్రల మాటలు రాసే బెలూన్ గురించి. తెలుగు అక్షరానికి కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. వరసల మధ్య చోటు వదలకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిలో ఇరుక్కుంటుంది. బెలూన్‌కు మూడు వరసలు దాటనివ్వకండి. పాత్రల పేర్లు పెట్టేటప్పుడే ఇది గుర్తుంచుకోండి. లక్ష్మీనారాయణ అని పెట్టారంటే పిలిచినప్పుడల్లా సగం బెలూన్ పోతుంది. ఆ పేరే కావాలంటే తోటివాళ్ల నోట "లచ్చన్న" అనిపించండి.

7. ఒకేసారి అందరినీ దించకండి

మొదటి పేజీలో నలుగురినీ వరసగా నిలబెట్టి పేర్లు రాయకండి. ఎనిమిది పేజీల్లో ఇద్దరు చాలు. ప్రతివాడూ తన పని చేస్తూ కనిపించాలి. దండపాణి సెట్టు బ్యాటరీని చంకలో పెట్టుకుని వెచ్చబెడుతూ కనిపిస్తే, చలి ప్రాంతం అని, బ్యాటరీ చలికి నీరసిస్తుందని, వీడు దాన్ని కాపాడుకుంటాడని మూడూ తెలిసిపోయాయి.

యుద్ధమే కానక్కర్లేదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సహాయానికి వచ్చిన జవాన్లను మనవాళ్లు కళ్లారా చూశారు. మొదటి కథగా అలాంటిది తీసుకుంటే శత్రువును గీయాల్సిన టెన్షన్ ఉండదు, పక్కవాళ్ల పనులన్నీ సహజంగా బయటికి వస్తాయి.

8. చంపాల్సి వస్తే

ఇందాక చెప్పిన సార్జెంట్ ఫ్యూరీలోనే జూనియర్ జూనిపర్ అనే కుర్ర పాత్ర నాలుగో సంచికలోనే చనిపోయాడు. జట్టులో ఎవరికీ ఏమీ కాదన్న ధీమా చదివేవాళ్లకు అక్కడితో పోయింది. అంత బలం ఉన్న పనిని తేలిగ్గా వాడకండి.

అందరూ చేసే తప్పు: ఒక పేజీలో పెళ్లి ఫొటో చూపించి తర్వాతి పేజీలో చంపడం. ఫొటో రాగానే చదివేవాడికి అర్థమైపోతుంది. దానికి బదులు అతని పని ఎవరికి వచ్చిందో చూపించండి. ఎర్రయ్య పోతే ఎల్‌ఎమ్‌జీ ఇంకొకడు ఎత్తుకోవాలి. బెల్టు పొడవు తనకు సరిపోదు, కుదించుకోవాలి. ఆ కుదించుకునే చేతులు గీయండి, మాటలు రాయకండి.

చంపడం ఇష్టం లేకపోతే బదిలీ ఉంది, రిటైర్మెంట్ ఉంది. ఫౌజులో మనిషి దూరమయ్యేది ఎక్కువగా ఇలాగే. రెండు సంచికల తర్వాత ఉత్తరం రావచ్చు, ఫోన్ రావచ్చు.

9. చివరి పరీక్ష

మన ఇళ్లలో తెలుగు చక్కగా మాట్లాడి, ఒడియా మీడియంలో చదవడం వల్ల తెలుగు అక్షరాలు రాని పిల్లలు ఉంటారు. మీ కథకు వాళ్లే సరైన పరీక్షకులు. బెలూన్లు రాయకముందు పేజీలు వాళ్ల చేతికి ఇచ్చి మూడు అడగండి. ఇందులో పెద్దాయన ఎవరు? ఎవరి పని ఏమిటి? ఎవరికి ఎవరంటే ఇష్టం? మీరు మధ్యలో అందించకండి. తప్పు చెప్పిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. రెండింటికి సరిగ్గా చెబితే మాటలు రాయడం మొదలుపెట్టవచ్చు. మొదటిదానికే తడబడితే నాలుగో మెట్టుకు వెనక్కి వెళ్లాలి.

మా మేనకోడలికి అలాగే ఇచ్చాను. వరసగా చూసుకుంటూ వెళ్లి పదకొండో పేజీ దగ్గర ఆగింది. దండపాణి మీద వేలు పెట్టి, "మామయ్యా, వీడి రేడియో ఏదీ?" అంది. ఎనిమిదో పేజీలో వాగు దాటేటప్పుడు దించించి, మళ్లీ వీపుకు ఎక్కించడం మర్చిపోయాను. అప్పటి నుంచి ప్రతి పేజీ వెనకవైపు, ఆ పేజీలో ఎవరి చేతిలో ఏముందో పెన్సిల్‌తో రాసుకున్నాకే గడులు కొట్టడం మొదలుపెడుతున్నాను.